ఖనిజాన్వేషణ దృశ్యకథల్లో చరిత్ర, వినోదం: కృష్ణాతీర వజ్రగనుల నేపథ్యంలో ఒక పరిశీలన

తొలకరి వానలు కురవగానే చందర్లపాడు మండలంలోని గుడిమెట్ల పరిసరాల్లోకి జనం చేరుతారు. వాన పైమట్టిని కడిగివేసిన చోట రంగురాళ్ళు తేలుతాయి. వాటిలో వజ్రం ఉండకపోదన్న ఆశతో నడుము వంచి, నేల మీద చూపు నిలిపి, పొద్దు వాలేదాకా వెదుకుతారు. చుట్టుపక్కల ఊళ్ళ వారే కాక ఇతర జిల్లాల వారు కూడా చద్దిమూటలతో వస్తారు. చిల్లకల్లు, నందిగామల మీదుగా సాగే హైదరాబాదు–విజయవాడ రహదారికి ఈ చోటు ఎంతో దూరం కాదు. వెదికేవారి వెనుకనే టెలివిజన్ కెమెరాలు కూడా వస్తాయి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో ఏటా జరిగేది కూడా ఇదే.

తెలుగు బుల్లితెర మీద ఖనిజాన్వేషణ ప్రధానంగా ఈ వార్తాకథనాల రూపంలోనే కనిపిస్తుంది. వాటి నిర్మాణం దాదాపు మారదు. ఒక పేదవాడు, ఒక రాయి, ఒక రాత్రిలో తిరగబడిన జాతకం. రాయిని కొన్నదెవరు, తూకం ఎవరు వేశారు, బజారు ధరలో దొరికినవారి చేతికి అందినదెంత, ఎన్ని రోజుల కూలి పోగొట్టుకొని ఎందరు ఉత్తచేతులతో తిరిగిపోయారు అన్న ప్రశ్నలకు ఆ కథనంలో చోటు తక్కువ. దీన్ని పాత్రికేయుల అజాగ్రత్తగా మాత్రమే లెక్కకట్టడం సరికాదు. బంగారం, వజ్రం వస్తువుగా వచ్చిన పెద్ద చిత్రాలు, విదేశీ ధారావాహికలు కూడా చాలావరకు ఇదే అచ్చులో పోతపోసినవి. చారిత్రకతకు, వినోదానికి మధ్య ఉందని చెప్పే తగాదా ఈ అచ్చులోనే ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. తేదీలు, దుస్తులు, కోటగోడల తప్పొప్పులు ఆ తగాదాలో చిన్న భాగం మాత్రమే.

ఇతివృత్త స్వాతంత్ర్యం – దాని హద్దు

చరిత్రను మార్చే హక్కు కవికి ఉన్నదా అన్నది భారతీయ నాటక లక్షణకారులకు కొత్త ప్రశ్న కాదు. ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని విభజించిన ధనంజయుడు దశరూపకంలో, నాయకునికి గాని రసానికి గాని తగనిది మూలకథలో ఉంటే దానిని విడిచిపెట్టవచ్చునని, లేదా మరొక విధంగా కల్పించవచ్చునని అనుమతిస్తాడు. భారతకథలో లేని దుర్వాసశాపం కాళిదాసు శాకుంతలంలోకి రావడం ఈ స్వాతంత్ర్యానికి అందరూ ఎరిగిన ఉదాహరణ. మరచినవాడు దుష్యంతుడైతే దోషం నాయకునిది. శాపం వచ్చి ఆ దోషాన్ని తన మీద వేసుకొన్నది.

నేటి చలనచిత్రాల ఆరంభంలో తెరమీద పడే 'ఇది కల్పితం' అన్న ప్రకటన ఈ పాత అనుమతికి న్యాయవాది రాసిన రూపం అనుకోవచ్చు. అయితే ధనంజయుని సూత్రం ఒక నాయకుడు ఉన్నాడన్న పునాది మీద నిలబడినది. గనుల కథలో నాయకుడెవరు? వేలమంది తవ్వి, మోసి, కడిగి, చెరిగిన పనిలో రాయి ఎవరి కంట పడిందన్నది యాదృచ్ఛికం. సమూహమే నాయకస్థానంలో ఉన్న వస్తువులో ఒక్కనికి అనుకూలంగా కథను సర్దితే, లక్షణకారుడు కాపాడమన్న నాయకుడే తెరమరుగవుతాడు. సూత్రం పాటించినట్లే ఉంటుంది, దాని ప్రయోజనం మాత్రం తిరగబడుతుంది.

ఢిల్లీకి వెళ్ళి తెచ్చిన కథ

2025 జులై 24న విడుదలైన 'హరి హర వీరమల్లు' తొలిభాగం ఈ చర్చకు తెలుగులో అందివచ్చిన సన్నిహిత ఉదాహరణ. క్రిష్ జాగర్లమూడి, ఎ.ఎం. జ్యోతికృష్ణ దర్శకులు. పదిహేడవ శతాబ్దిలో మొగలుల వశంలో ఉన్న కోహినూరును గోల్కొండకు తిరిగి తెచ్చే పనికి పూనుకొన్న ఒక కల్పిత వీరుని కథ ఇది. ఔరంగజేబు ప్రతినాయకుడు. చరిత్రకారుడు ఇక్కడ మొదట పట్టుకొనేది పేరునే. కోహినూరు అన్న పేరు 1739లో ఢిల్లీని దోచిన నాదిర్‌షాతో ముడిపడినది. ఆ రాయిని గురించిన నిస్సందేహమైన తొలి లిఖిత ప్రస్తావన నాదిర్‌షా చరిత్ర రాసిన మహమ్మద్ కాజిం మార్వీదని విలియం డాల్‌రింపుల్, అనితా ఆనంద్ తమ గ్రంథంలో చూపారు. అంతకు పూర్వపు గాథ అంతా ఊహల అల్లిక. టావెర్నియర్ 1665లో ఔరంగజేబు కొలువులో చూచిన మహావజ్రం కొల్లూరుదని, మీర్‌జుమ్లా దానిని షాజహానుకు సమర్పించాడని ఆయనే రాశాడు. ఆ రాయే కోహినూరు అన్న సమీకరణం మాత్రం తరువాతివారి కూర్పు. కొల్లూరు, పరిటాల, ఓరుగల్లు భద్రకాళి నేత్రం – తెలుగునాట ఈ రాయికి పుట్టినిళ్ళు ఒకటికి మించి ఉన్నాయి.

సినిమాను ఇంతమాత్రాన దోషిని చేయడానికి వీలు లేదు. ఈ రాయికి 'అధికారిక' చరిత్ర తయారైన తీరే అందుకు కారణం. 1849లో లాహోరు ఒడంబడికతో వజ్రం చేజిక్కిన తరువాత, దాని పూర్వవృత్తాంతం సేకరించమని డల్హౌసీ ఢిల్లీలోని యువ అధికారి థియో మెట్‌కాఫ్‌కు పని అప్పగించాడు. అతడు బజారులోని నగల వర్తకులను, పాత కొలువు కుటుంబాలను అడిగి విన్నదంతా కూర్చాడు. ఆధారాలు పలుచనివని తానే ఒప్పుకొన్నాడు. అయినా తరువాతి కథనాలన్నింటికీ అదే తల్లివేరయింది. ప్రభుత్వ దస్త్రం పుక్కిటి పురాణాన్ని ఆశ్రయించిన చోట సినిమా మీద మాత్రమే కత్తి దూయడం న్యాయం అనిపించుకోదు.

తెలుగు సాహిత్యం వైపు నుంచి చూస్తే వీరమల్లుకు పూర్వీకుడు ఒకడున్నాడు. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' (1897)లోని యుగంధరుడు. ఢిల్లీ సుల్తానుకు బందీ అయిన ప్రతాపరుద్రుని విడిపించి తెచ్చుటకు ఈ మంత్రి పిచ్చివాని వేషం వేస్తాడు. చరిత్రలో 1323 నాటి ఓటమి తరువాత ప్రతాపరుద్రుడు తిరిగి రాలేదు. ఢిల్లీకి కొనిపోతుండగా నర్మదాతీరంలో మరణించాడని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. పోగొట్టుకొన్నదానిని ఢిల్లీకి వెళ్ళి తెచ్చుకోవడమన్న కోరిక శాసనం కంటె బలమైనది కనుకనే నాటకం నిలిచింది. పోయినది ఒకనాడు రాజు, నేడు రాయి. కోరిక స్వరూపం ఒక్కటే. వందేళ్ళకు పైబడిన ఈ పోలికను గుర్తించకుండా నేటి చిత్రాన్ని కేవలం వాణిజ్య ధోరణికి అంటగట్టడం తొందరపాటు అవుతుంది.

పోలిక ఎంత దగ్గరగా ఉన్నా తేడా ఒకచోట కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. వేంకటరాయశాస్త్రి తన కల్పనలో చాకలి పేరిగానికి చోటిచ్చాడు. వానికి వాని మాటనే ఇచ్చాడు. పాత్రోచితభాష కోసం పండితుల ఆక్షేపణలను ఎదుర్కొన్నాడు. రాజును గురించి అబద్ధమాడిన ఆ నాటకం, రాజు బట్టలుతికినవానిని గురించి ఒక నిజం పలికింది. వీరమల్లు కథ బరువు వీరుని ప్రయాణం మీద, ప్రతినాయకునితో వైరం మీద ఉంది. కోహినూరు దానిలో చేతులు మారే వస్తువు. నేలలోంచి దాన్ని వెలికితీసినవారు ఏ భాష మాట్లాడి ఉంటారన్నది ఆ కథకు అవసరమైన ప్రశ్న కాలేకపోయింది.

కొల్లూరు: ఆధారాలు చెప్పేది

ఆ ప్రశ్నకు ఆధారాలు లేవనుకోవడం పొరపాటు. టావెర్నియర్ యాత్రాగ్రంథం (వాలెంటైన్ బాల్ ఆంగ్లానువాదం, 1889) లోని కొల్లూరు ప్రకరణం దృశ్యరచయితకు దాదాపు సిద్ధంగా ఉన్న సన్నివేశమాల. దాని ఆరంభమే సినిమా కథకు తగినది. ఆ గని బయటపడినది తన కాలానికి సుమారు వందేళ్ళ క్రితమని, చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవానికి ఇంచుమించు ఇరవై ఐదు కారట్ల రాయి దొరికిందని ఆయన విన్నాడు. ఇది కూడా నేటి టెలివిజన్ కథనం వంటిదే కదా అనవచ్చు. నిజమే. కాని టావెర్నియర్ అక్కడితో ఆగలేదు. ఆ తరువాత పని ఎలా సాగుతుందో వర్ణించాడు.

ముందు ఒక చోటును ఎంచుకొంటారు. దానికి దగ్గరలో చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తున గోడ కట్టి, నీరు పోవడానికి తూములు విడుస్తారు. పని మొదలుపెట్టేముందు దేవుని ప్రతిమ తెచ్చి పూజ చేసి, అందరూ కలిసి భోజనం చేస్తారు. పిదప మగవారు పది నుండి పద్నాలుగు అడుగుల లోతుకు, నీరు పడేవరకు తవ్వుతారు. ఆడవారు, పిల్లలు ఆ మట్టిని మోసి గోడల నడుమ పోస్తారు. గుంటలోని నీటినే తోడి దాని మీద పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, బురదనీటిని తూముల గుండా వదలివేస్తారు. మిగిలినది ఎండిన తరువాత చేటలతో ధాన్యం తూర్పారబట్టినట్లు చెరుగుతారు. గడ్డలను రోకళ్ళతో దంచుతారు. ఆఖరున చేతులతో వెదుకుతారు. తవ్వడం, మోయడం, నానబెట్టడం, ఎండబెట్టడం, చెరగడం, దంచడం – వజ్రం బయటపడిన పద్ధతి మెట్టసేద్యపు పనిలోంచి, వంటింటి ముందరి కళ్ళంలోంచి పుట్టినది. నందిగామ మెట్టలో ఏ రైతుకూ ఈ పనుల్లో ఒక్కటి కూడా కొత్త కాదు. తెరమీద సుత్తి, సమ్మెట, సొరంగం తప్ప చేట, రోకలి కనిపించకపోవడానికి కారణం చరిత్ర తెలియకపోవడమేనా, లేక ఆడవారి పనిముట్లకు వీరరసం అంటదన్న అపోహా?

ఆ స్థలాన్ని దేశభాషలో 'గని' అంటారని కూడా టావెర్నియర్ రాశాడు. పారశీకంలో 'కాన్' అన్నా గనే కనుక పలుకు ఎవరిదో తేల్చడం కష్టం. అది తెలుగు పలుకే అయితే, గనిలో చెమటోడ్చినవారి నోటి మాట ఒకటి ఐరోపా పుస్తకంలో ఊరిపేరై కూర్చున్నదన్నమాట.

పని చేసేవారు అరవై వేలమంది అని టావెర్నియర్ లెక్క. ఆయన కంటె ముందు, 1620ల ఆరంభంలో చూచిన విలియం మెథోల్డ్ ముప్పై వేలు అన్నాడు. రెండూ కంటితో వేసిన అంచనాలే. వాటిని అచ్చంగా నమ్మవలసిన పని లేదు. మాట వరుసకు సగానికి సగం తగ్గించినా అది అప్పటికి ఒక నగరం. ఆ నగరానికి గింజలెక్కడివి? 1677లో ఇంగ్లండు ఎర్ల్ మార్షల్ ద్వారా లండన్ రాయల్ సొసైటీకి చేరి అచ్చయిన గనుల వర్ణన ఇందుకు కొంత సమాధానం ఇస్తుంది. గోల్కొండ రాజ్యంలో ఇరవై మూడు గనులను పేర్కొన్న ఆ రచన ప్రకారం గనుల వద్ద ధాన్యం, పొగాకు వంటి నిత్యావసరాలకు అధికారులు అదనపు సుంకం గుంజేవారు. వర్తకుడైనా కూలివాడైనా మొలకు గుడ్డ, తలకు పాగా తప్ప ఒంటిమీద అంగీ వేసుకోవడానికి జంకేవాడు. వేసుకొంటే కలిగినవాడయ్యాడని అధికారి కన్నుపడి వసూలు పెంచుతాడన్న భయం అందుకు కారణం. టావెర్నియర్ మరొక గని అయిన రావల్కొండను గురించి చెబుతూ, నేర్పరి అయిన పనివానికి కూడా ఏడాదికి మూడు వరహాలకు మించి ముట్టదని, యాభైమంది పనివారికి పన్నెండు పదిహేనుమంది కాపలాదారులు ఉంటారని, రాళ్ళు మింగి దాచినవారు ఉన్నారని రాశాడు. పెద్దరాయి తెచ్చి ఇచ్చినవానికి దక్కేది పాగా, కొంత సొమ్ము.

కట్టుకోగలిగి కూడా అంగీ కట్టని మనిషి – నాటకీయతకు ఇంతకంటె ఏం కావాలి? వినోదం కోసమే చరిత్రను విడిచిపెట్టవలసి వచ్చిందన్న సమర్థన ఇక్కడ నిలవదు. విడిచిపెట్టినదే ఎక్కువ ఆసక్తికరంగా ఉంది. పట్టుచీరలు, ఆభరణాలు, కాగడాలతో నింపే గని సన్నివేశానికి ఈ ఆధారాలు చూపే భయపు పేదరికం సరిగ్గా ఎదురు. దుస్తుల శాఖ చేసే తప్పు ఇక్కడ దుస్తులతో ఆగక, రాజ్యం స్వభావాన్నే మార్చివేస్తుంది.

కోలారు రెండు తెరలు

తెలుగు ప్రేక్షకులు విశేషంగా ఆదరించిన 'కె.జి.ఎఫ్.' రెండు భాగాలు (2018, 2022) వజ్రాన్ని వదిలి బంగారానికి, కృష్ణాతీరాన్ని వదిలి కోలారుకు తీసుకుపోతాయి. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుండి వెళ్ళిన తమిళ, తెలుగు కూలీలు నిలబెట్టిన గనులు అవి. చిత్రంలో బంగారం 1951లో బయటపడుతుంది. సున్నపురాయి పేరు చెప్పి భూమిని కౌలుకు తీసుకొన్న ఒక కుటుంబం అక్కడ మనుషులను బానిసలుగా బంధిస్తుంది. (సున్నపురాయిని మాయపేరుగా వాడుకొన్న ఈ కల్పన, సున్నపురాయి మీదనే సిమెంటు కర్మాగారాలు వెలసిన జగ్గయ్యపేట వారికి చిరునవ్వు తెప్పించవచ్చు.) వాస్తవంలో 1880 దశకం నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ యాజమాన్యంలో అక్కడ తవ్వకాలు సాగాయి. 1902లో శివనసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకొన్నది. 2001లో అవి మూతపడ్డాయి.

చిత్రం క్రౌర్యాన్ని కల్పించిందన్న అభియోగం బలహీనమైనది. కోలారు గనుల్లో క్రౌర్యానికి కొదువ లేదు. రాతిపేలుళ్ళు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇరుకు పాకలు ఉండేవి. చిత్రం చేసినదల్లా ఆ క్రౌర్యం చిరునామా మార్చడం. లండనులో వాటాదారులకు లాభం పంచిన కంపెనీ పద్ధతి స్థానంలో గడ్డం పెంచిన దుర్మార్గులు కొందరు వచ్చారు. వారిని నరికితే కథ ముగుస్తుంది. కంపెనీని నరకడం వీలు కాదు. 1930లో వేలిముద్రల నమోదును ఎదిరించి కోలారు కార్మికులు చేసిన సమ్మెను జానకి నాయర్ పరిశోధన వివరంగా నమోదు చేసింది. చేయి ఎత్తిన వేలమంది చరిత్రలో ఉండగా, రక్షకుని కోసం ఎదురుచూసే మూగజనం తెరమీదకు వచ్చారు. ఇది తేదీ తప్పు కంటె పెద్ద తప్పు.

పా. రంజిత్ 'తంగలాన్' (2024) అదే నేల మీద వేరే దారి పట్టింది. దీనిలో మంత్రశక్తి ఉంది, బంగారాన్ని కాపాడే స్త్రీ ఉంది, కల ఏదో మెలకువ ఏదో తెలియని ఘట్టాలున్నాయి. చరిత్రగా దాన్ని చదివితే అడుగడుగునా తట్టుకొని పడవలసిందే. అయినా భూమి పోగొట్టుకొన్న దళిత కుటుంబం దొర వెంట బంగారానికి ఎందుకు నడిచిందన్న ప్రశ్నకు అది పన్ను, దస్తావేజు, ఆకలి అనే సమాధానాలు ఇస్తుంది. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ కోలారు పరిసరాల్లో బంగారం జాడ వెదికినప్పుడు మట్టిని కడిగి రేణువులు తీసి చూపినవారు గ్రామస్థులే. దొర 'కనుగొన్నది' వారి చేతి విద్యనే అన్న ఎరుక ఈ అద్భుతకథలో ఉంది. చిత్రం ద్వితీయార్ధంలో పట్టు సడలిందన్నది నిజం. రూపకాల మీద రూపకాలు పేర్చి దర్శకుడు తన ప్రేక్షకుని అలసటకు గురిచేశాడు.

విదేశీ బుల్లితెర మీద ఈ కోవలో ఎక్కువగా చర్చకు వచ్చినది డేవిడ్ మిల్చ్ 'డెడ్‌వుడ్' (2004–2006). 1876 నాటి దక్షిణ డకోటా బంగారు శిబిరం దాని రంగస్థలం. స్వేరెంజెన్, బుల్లక్ వంటి పాత్రలు చరిత్రలో ఉన్నవారే. వారి నోట పలికించిన బూతులు చాలావరకు ఇరవయ్యో శతాబ్దివని, ఆనాటి మోటు మాట దైవదూషణ తరహాలో ఉండేదని విమర్శ వచ్చింది. నాటి తిట్టు నేటి చెవికి నవ్వు తెప్పిస్తుంది కనుక దాని మొరటుదనం అందడానికి నేటి తిట్టు వాడవలసి వచ్చిందన్నది దానికి సమర్థన. వేదం వారి పాత్రోచితభాషా చర్చ ఎరిగిన తెలుగు విమర్శకునికి ఈ వాదం పరాయిది కాదు. ఆ ధారావాహిక బలం మరొకచోట ఉంది. 1868 ఒడంబడిక ప్రకారం లకోటా ప్రజలదైన నేలలో శిబిరం వెలసింది కనుక అక్కడ ఎవరి పట్టాకూ చట్టబలం లేదు. పట్టా, పన్ను, లంచం, న్యాయస్థానం ఒకదాని వెంట ఒకటి ఎలా పుట్టుకొచ్చాయో ముప్పై ఆరు భాగాల్లో చూపింది. లకోటాలు మాత్రం దాదాపు కనిపించరు. వారి నేల మీద కథ నడిచి, వారే కథకు బయట ఉండిపోయారు.

తెరకెక్కని పరిటాల

పట్టా, పన్నుల కథ కృష్ణాతీరంలోనూ ఉంది. ఉత్తర సర్కారులు ఆంగ్లేయులకు దక్కినప్పుడు వజ్రగనులున్న పరిటాలను, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళను నిజాము తన ఏలుబడిలోనే ఉంచుకొన్నాడు. నలువైపులా కంపెనీ గ్రామాలు, నడుమ నిజాము గ్రామాలు. వజ్రాలు తరిగిపోయిన తరువాత కూడా ఆ గీత చెరగలేదు. 1947–48 నాటి సంక్షోభంలో ఆ ఊళ్ళ ప్రజలు నిజాము ఏలుబడిని తోసిపుచ్చి 'పరిటాల రిపబ్లిక్' ప్రకటించుకొన్నారు. ఒక గని మీది మమకారం రెండు శతాబ్దాల పాటు పటంలో ఒక ద్వీపమై నిలిచి, చివరకు గ్రామస్థుల స్వపరిపాలనగా బద్దలైన ఈ ఉదంతంలో ఖనిజకథకు కావలసినవన్నీ ఉన్నాయి, మహావీరుడు ఒక్కడు తప్ప. జాతీయ రహదారి మీది ఆ ఊరు నేటి ప్రయాణికులకు భారీ ఆంజనేయ విగ్రహం వల్లనే గుర్తు.

కొల్లూరు సంగతి వేరు. జగ్గయ్యపేటకు దక్షిణాన, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న ఆ గనుల చోటు పులిచింతల జలాశయపు ముంపులోకి వెళ్ళింది. గోడలు కట్టి మట్టి నానబెట్టిన నేలను ఇకమీదట విద్యార్థులకు వేలు పెట్టి చూపడం కష్టం. వారు చూడగలిగే కొల్లూరు తెరమీది కొల్లూరే. గుడిమెట్ల గట్టున వాన వెలిసిన మర్నాడు ఆడవారు మట్టిని చేటలో పోసి చెరుగుతూ కెమెరా వైపు ఒక్కసారి తలెత్తి చూస్తారు. విలేకరి అడిగే మొదటి ప్రశ్న 'ఏమైనా దొరికిందా?' అన్నదే. ఈ చెరగడం ఎవరి దగ్గర నేర్చుకొన్నారని అడిగిన కథనం ఇంకా రావలసి ఉంది.